నల్లరేగడిలో బాల్ బ్యాడ్మింటన్ కోర్టు: మా కాలనీ పని డైరీ

జనవరి, సంక్రాంతి తరువాత

కాలనీ చివర పార్కు కోసమని వదిలిన స్థలంలో, ఉన్ని బంతితో జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే బాల్ బ్యాడ్మింటన్ కోర్టు వేయాలని సంక్షేమ సంఘం సమావేశం తీర్మానించింది. అమలు బాధ్యతను నాకు అప్పగించారు గనుక, పని ఎలా సాగిందో, దాని వలన ఇళ్ళలోనూ ఇరుగుపొరుగులోనూ ఏమి మారిందో ఎప్పటికప్పుడు రాసి పెట్టదలచుకున్నాను. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మాది తెనాలి పక్కన, ఒకప్పుడు వరి, మినుము పండిన పొలాలను ప్లాట్లుగా మార్చి కట్టిన కాలనీ. ఇళ్ళు నిండాయి గాని, పార్కు స్థలంలో మాత్రం తుమ్మ మొక్కలు, ఇల్లు కట్టిన ప్రతివారూ తెచ్చి పోసిన రబ్బీసు తప్ప మరేమీ లేవు.

సమావేశంలో మూడు ప్రతిపాదనలు వచ్చాయి. యువకులు ఇనుప వ్యాయామ పరికరాలు కావాలన్నారు, పెద్దలు నడక బాట చాలన్నారు, నేను ఆట స్థలమే కావాలని పట్టుబట్టాను. నా వాదనకు ఆధారంగా డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో 8,500 మందికి పైగా పెద్దలను దాదాపు పాతికేళ్ళ పాటు గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనాన్ని వివరించాను. వ్యాయామమే చేయనివారితో పోలిస్తే టెన్నిస్ ఆడేవారి ఆయుర్దాయం 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవారిది 6.2 ఏళ్ళు, ఫుట్‌బాల్ ఆడేవారిది 4.7 ఏళ్ళు ఎక్కువగా ఉండగా, జాగింగ్ చేసేవారికి 3.2 ఏళ్ళు, జిమ్‌కు వెళ్ళేవారికి 1.5 ఏళ్ళు మాత్రమే ఎక్కువగా కనిపించింది. ఇది జనాన్ని గమనించి వేసిన లెక్కే తప్ప ప్రయోగం చేసి తేల్చినది కాదని, టెన్నిస్ ఆడగలిగినవారికి డబ్బు, తీరిక ముందునుంచే ఎక్కువగా ఉండవచ్చునని కూడా చెప్పాను. అయినప్పటికీ, ఎదుట మరో మనిషి లేనిదే ఆడడానికి వీలులేని మూడు ఆటలూ ఆ పట్టికలో పైన ఉండటాన్ని తేలికగా తీసివేయలేము. ఇనుప పరికరం దగ్గరికి ఎవరు వచ్చినా రాకపోయినా అడిగేవారుండరు; ఐదుగురి జట్టులో ఒకరు రాకపోతే మిగిలిన నలుగురు ఆ మనిషి ఇంటి తలుపు తట్టవలసిందే. నాకు కావలసింది ఆ తలుపు తట్టడమే.

షటిల్ ఎందుకు వద్దని ఇంటర్ చదివే పిల్లలు అడిగారు. షటిల్ కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాములే గనుక, వేసవి సాయంత్రాలలో మా వైపు వీచే పైరగాలికి అది ఎటు పోతుందో చెప్పలేము. బాల్ బ్యాడ్మింటన్‌లో వాడే పసుపు ఉన్ని బంతి 27 నుంచి 30 గ్రాములుంటుంది, ఆరుబయట గాలిలోనూ దాని దారి అంతగా మారదు. పైగా షటిల్‌లో ఒకేసారి నలుగురికి మించి ఆడలేరు, ఇందులో పదిమంది ఆడతారు. ఇది మన దేశంలోనే పుట్టిన ఆట. తంజావూరు రాజకుటుంబీకులు 1856 నాటికే ఆడేవారని చెబుతారు, జాతీయ సమాఖ్య 1954లో ఏర్పడింది. మా తరం తెలుగు పల్లెల హైస్కూళ్ళలో ఈ కోర్టు లేని ఆవరణ అరుదు. సమావేశంలో ఉన్న అరవై దాటినవారిలో చాలామందికి బంతి ఎలా కొట్టాలో చేతికి ఇంకా గుర్తుంది. పిల్లలకు పెద్దలు నేర్పగలిగిన ఆట కావడమే నా దృష్టిలో దీనికున్న అన్నిటికన్నా పెద్ద యోగ్యత.

జనవరి చివర

కొలతలు వేశాము. కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే చదును చేయవలసిన నేల 28 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, అంటే 448 చదరపు మీటర్లు. పొడవును ఉత్తర దక్షిణాలుగా ఉంచాము. తూర్పు పడమరలుగా వేస్తే ఉదయం ఒక జట్టు కళ్ళలో, సాయంత్రం మరొక జట్టు కళ్ళలో ఎండ పడి ఆట తగాదాగా మారుతుంది.

మూలలు సరిగా రావడానికి మేస్త్రీ మూలమట్టం చాలదు, ఎందుకంటే అంత పొడవులో వెంట్రుకవాసి తేడా కూడా చివరకు జానెడవుతుంది. నాలుగు మూలలా గుంజలు పాతి, ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి, రెండు కర్ణాలూ 26.83 మీటర్లకు వచ్చేదాకా సర్దాము. ఈ లెక్క చేసినది ఇంజనీరింగ్ చదివే అమ్మాయి. దారం పట్టినది ఆమె తాతగారు, ఆయన జీవితమంతా పొలం గట్లు దారం పట్టి వేసిన రైతు. మనుమరాలు వర్గమూలం కట్టి చెప్పిన సంఖ్య తన దారం మీద నిజం కావడాన్ని ఆయన ఎంతో ఆసక్తిగా చూశారు. మరునాడు పిలవకుండానే ఇద్దరూ కలిసి వచ్చారు.

నేల వాలు చూసినది మావారు. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించాక ఇంట్లో మాట తగ్గించారు. పేపరు, టీవీ, భోజనం, నిద్ర తప్ప మా మధ్య చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని రోజులు గడిచాయి. పారదర్శకమైన పైపులో నీళ్ళు నింపి మట్టం చూడడం మొదలుపెట్టిన తరువాత వాలు ఎటు ఉండాలన్న విషయం మీద మేమిద్దరం రాత్రి భోజనాల దగ్గర వాదించుకున్నాము. పొడవు వైపు వాలు ఇస్తే ఒక జట్టు పల్లంలో పడుతుంది. వెడల్పు వైపు ఇస్తే రెండు జట్లకూ ఒకేలా ఉంటుంది. చివరకు 16 మీటర్ల వెడల్పుకు 10 సెంటీమీటర్ల వాలు, అంటే 160కి ఒకటి, పడమటి వైపు మురుగు కాలువకు ఇవ్వాలని ఆయన తేల్చారు. ఆడేవారి కాళ్ళకు అది తెలియదు, వాన నీటికి మాత్రం తెలుస్తుంది.

ఫిబ్రవరి

నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. మే నెలలో మా పొలాల నెర్రెలలో కాలు ఇరుక్కుంటుందని ఇక్కడ పుట్టినవారందరికీ తెలుసు. దాని మీద నేరుగా సిమెంటు గచ్చు వేస్తే రెండేళ్ళలో పగులుతుంది, పైగా గట్టి గచ్చు మీద గంతులు వేయడం పెద్దవారి మోకాళ్ళకు మంచిది కాదు. అందువలన పై మట్టిని జేసీబీతో 15 సెంటీమీటర్లు గీకి తీయించి, దాని మీద 20 సెంటీమీటర్ల మందాన ఎర్ర గ్రావెల్ నింపాలని నిర్ణయించాము. అణిగిన తరువాత దాదాపు 90 ఘనపు మీటర్లు రావాలంటే, అణగడానికి పాతిక శాతం అదనంగా చూసుకుని 112 ఘనపు మీటర్లు తెప్పించవలసి వచ్చింది. డబ్బులో ఎక్కువ భాగం దీనికే పోయింది. ప్రతి ఇంటికీ సమానంగా చందా వేశాము గాని, అద్దెకు ఉండేవారు ఇష్టమైతేనే ఇవ్వాలని, ఇవ్వనివారు ఒక ఆదివారం పనికి వస్తే చాలునని చెప్పాము. ఈ వెసులుబాటు వల్లనే, ఇంతకు ముందు సమావేశాల గడప తొక్కని అద్దె కుటుంబాలు మొదటిసారి కాలనీవారితో కలిశాయి.

గ్రావెల్‌ను ఒకేసారి పోసి తొక్కిస్తే పైన మాత్రమే గట్టిపడుతుంది, అడుగు గుల్లగా మిగులుతుంది. అందుకని పది సెంటీమీటర్ల చొప్పున పొరలుగా పరచి, తడిపి, రోలరు లాగాము. తడి ఎంత ఉండాలో తెలుసుకునే పద్ధతి సులువైనదే: పిడికిట నొక్కితే ముద్ద విడిపోకూడదు, అరచేతికి నీరు అంటకూడదు. అంచుల వెంట, గుంజల పక్కన రోలరు పోలేని చోట్ల దిమ్మిసతో కొట్టాము.

ఆదివారాలు శ్రమదానం పెట్టుకున్నాము. రోలరు బరువైనది, ఒకరో ఇద్దరో కదిలించలేరు. తాడు పట్టి అందరూ ఒక్కసారి లాగితేనే కదులుతుంది గనుక, తాపీ పనికి వచ్చిన పెద్దాయన "హైలెస్సా" అని అందుకోగానే బ్యాంకు ఉద్యోగులు, ఆటో నడిపేవారు, కాలేజీ పిల్లలు ఒకే ఊపులో వంత పాడుతూ లాగారు. ఇలా ఒక్క లయలో కలిసి శ్రమించినప్పుడు శరీరానికి అలసట తక్కువగా తెలుస్తుందన్నది వట్టి భావన కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పడవ పందెగాళ్ళు పన్నెండుమందిపై 2009లో ప్రచురించిన ఒక పరిశీలనలో, అదే యంత్రం మీద అదే శ్రమను ఒంటరిగా చేసినప్పటి కన్నా జట్టుగా చేసినప్పుడు వారు నొప్పిని ఎక్కువగా ఓర్చుకోగలిగారు. మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్లు దీనికి కారణమై ఉంటాయని పరిశోధకులు భావించారు. పన్నెండుమంది చాలా చిన్న సంఖ్య. కాని ఊడ్పుల దగ్గరా, పడవ మీదా, రోకలి దగ్గరా పాట ఎందుకు పుట్టిందో తెలిసిన మనకు అది కొత్త సంగతి కాదు.

మార్చి

పైపొర విషయంలో నా పుస్తక పరిజ్ఞానం చాలలేదు. జల్లించిన ఎర్రమట్టిలో సన్న ఇసుక కలిపి మూడు సెంటీమీటర్లు పరచాలని నాకు తెలుసు. అది దుమ్ము లేవకుండా ఎలా బిగుస్తుందో చెప్పినవారు రెండో వీధి చివర కొడుకు దగ్గర ఉంటున్న పిన్నిగారు. ఆమెకు డెబ్బై దాటాయి. కోతల తరువాత కళ్ళం చేయడం చిన్ననాటి నుంచి ఆమె చేతి పని. తడిపిన నేలను ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడు ఆపాలో, పేడ నీళ్ళు ఎంత పలచన చేయాలో, ఏ దిక్కు నుంచి వెనక్కి నడుస్తూ అలకాలో ఆమె కుర్చీలో కూర్చుని చెబుతూ ఉంటే మిగతా స్త్రీలు చేశారు. కొంతసేపటికి కుర్చీలో ఉండలేక తానే వచ్చి చీపురు అందుకున్నారు.

ఆమె కోడలు బడిలో లెక్కల టీచరు. అత్తగారికి ఇంత తెలుసునన్న సంగతి పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనకు ఎప్పుడూ తెలియలేదని నాతో చెప్పింది. ఇంట్లో వారిద్దరూ ఎదురుపడేది వంటగదిలో, అదీ ఎవరి పద్ధతి చెల్లాలన్న ప్రశ్న ఎప్పుడూ ఉండే చోట. ఒకరిని మరొకరు కొత్తగా చూడడానికి ఇద్దరికీ చెందని మరొక చోటు అవసరమని నాకు అప్పుడు తోచింది.

వల స్తంభాలను శాశ్వతంగా పాతలేదు. కాంక్రీటులో గొట్టాలు దింపి, స్తంభాలు వాటిలో నిలిపి, కావలసినప్పుడు తీసేలా చేయించాము. వినాయక చవితి పందిరి, పెళ్ళిళ్ళ భోజనాలు ఈ స్థలంలోనే జరగాలని కోరినవారికి దీనితో అభ్యంతరం లేకుండా పోయింది.

ఏప్రిల్

గీతలు సున్నంతో వేసి ఆట మొదలుపెట్టాము. మొదటి రోజే షటిల్ రాకెట్లతో వచ్చిన పిల్లలను వారించవలసి వచ్చింది. ఉన్ని బంతి బరువుకు ఆ తీగలు తెగిపోతాయి. బాల్ బ్యాడ్మింటన్ రాకెట్లు బిగువైనవి, బరువైనవి. అవి తెనాలి దుకాణాలలో దొరకక బయటి నుంచి తెప్పించాము. అందరూ కొనుక్కోలేరు గనుక రాకెట్లు సంఘానివే, కోర్టు పక్కన పెట్టెలో ఉంటాయి.

జట్లు చీటీలు తీసి వేయాలన్నది నేను పెట్టిన నియమం. స్నేహితులు స్నేహితులతోనే ఆడితే కోర్టు మరొక అరుగు అవుతుంది తప్ప కొత్త పరిచయాలు కలగవు. 144 చదరపు మీటర్ల సగభాగాన్ని ఐదుగురు పంచుకోవాలి. ముందు ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనుక ఇద్దరు నిలిచే పద్ధతిలో వయసు మళ్ళినవారిని మధ్యన ఉంచితే వారికి పరుగు తక్కువ, బంతి ఎక్కువ. ఇద్దరి మధ్యకు వచ్చే బంతి విషయంలో మాత్రం నోరు తెరవక తప్పదు. "నాది", "నీదే", "వదిలెయ్" అని అరవకపోతే రాకెట్లు ఢీకొంటాయి, లేదా ఇద్దరూ చూస్తుండగా బంతి మధ్యలో పడుతుంది.

పక్కపక్క ఇళ్ళవారు ఇద్దరు మురుగు కాలువ ఎవరి హద్దులో పోవాలన్న తగాదా వలన కొన్నేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. చీటీలలో ఇద్దరూ ఒకే జట్టుకు, అదీ పక్కపక్క చోట్లకు వచ్చారు. మార్చమని ఒకరు నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగారు, నేను మార్చలేదు. మొదట మూడు బంతులు వారి మధ్యనే నేల తాకాయి. జట్టులోని మిగిలిన ముగ్గురూ విసుక్కున్నారు. నాలుగో బంతికి వెనుకనున్నాయన "మీదేనండీ" అన్నారు. ఆ తరువాత ఆట సజావుగా సాగింది. దీనిని నేను గొప్ప రాజీగా రాయడం లేదు: కాలువ వివాదం తీరలేదు, ఆ కాగితాలు ఇంకా కార్యాలయంలోనే ఉన్నాయి. అయితే మొన్న ఒకరి ఇంట్లో మోటారు కాలిపోతే రెండవవారు గొట్టం వేసి నీళ్ళు ఇచ్చారు. తగాదా ఉన్న మనుషులు కూడా తగాదా కాని విషయాలలో మనుషులుగా ఉండగలిగితే చాలునని నా అభిప్రాయం.

మే, మొదటి వారం

ఈ వారం రాయవలసింది చాలా ఉంది, ఎందుకంటే అసలు పని ఇప్పుడే మొదలయిందని నాకు అనిపిస్తోంది.

కోర్టు తయారైన కొన్నాళ్ళకే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు అది పూర్తిగా మగవారిది అయిపోయింది. ఎవరూ స్త్రీలను రావద్దనలేదు. కాని వారు ఉండగా వీరు రారు, వీరు రారు గనుక ఇది వారిదే అన్న తీరు స్థిరపడింది. నేల అలికిన స్త్రీలే నేల మీద లేకపోవడం నేను సహించలేకపోయాను. 2024లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త విశ్లేషణ ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు; అందులోనూ పురుషులలో 42 శాతానికి, స్త్రీలలో 57 శాతానికి లేదు. ఇంటి పని అంతా స్త్రీలే చేస్తుండగా ఇదెలా నిజమని సమావేశంలో ఒకరు అడిగారు. ఇంటి పనిలో అలసట ఉంది, నిలబడడం ఉంది, వంగడం ఉంది. ఊపిరి వేగం పెరిగేలా కొంతసేపు ఆగకుండా కదలడం, ఇష్టపడి కదలడం చాలా ఇళ్ళలో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చేయాలని చెబుతున్నాయి. రోజుకు నలభై నిమిషాలు, వారానికి ఐదు రోజులు ఆడితే 200 నిమిషాలవుతుంది.

స్త్రీలకు ఏ వేళ వీలవుతుందని ఇంటింటికీ వెళ్ళి అడిగాను. మగవారు సూచించినది మధ్యాహ్నం నాలుగు గంటలు, అంటే మే నెల ఎండలో ఎవరూ కోరుకోని వేళ. తెల్లవారుజామున క్యారేజీలు, కళ్ళాపులు, బడి బస్సులు. చివరకు అందరూ చెప్పినది సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకే: సరిగ్గా అందరికీ కావలసిన గంట. సంఘంలో దీని మీద రెండు సమావేశాలు జరిగాయి. మిగిలిపోయిన గంటను ఇచ్చి అవకాశం ఇచ్చామనుకోవడం న్యాయం కాదని నేను గట్టిగా చెప్పాను. మా లెక్కల టీచరు లేచి, తాను ఏడింటికి ఇంటికి వచ్చి అన్నం వండితే ఎనిమిదికి భోజనాలవుతాయని, ఎవరికైనా తొందరగా ఆకలి వేస్తే కుక్కరు పెట్టడం కష్టమైన విద్య కాదని నెమ్మదిగా అన్నారు. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఆ గంట స్త్రీలది, ఆడపిల్లలది అని తీర్మానమయింది.

మొదటి రోజు వచ్చినవారు రెండు జట్లకు సరిపోలేదు. తక్కువ మందితోనే ఆడించాను. చీర కొంగు నడుముకు బిగించినవారు, చుడీదారు వేసుకున్నవారు, చెప్పులు గట్టున వదిలి ఉత్త కాళ్ళతో దిగినవారు ఉన్నారు. బంతి తగలనప్పుడల్లా క్షమాపణ చెప్పుకోవడం మానండని చెప్పవలసి వచ్చింది. వారం తిరిగేసరికి ఆ క్షమాపణలు తగ్గాయి, అరుపులు పెరిగాయి. చంటిపిల్లలను గట్టు మీద అత్తగార్లు, అమ్మమ్మలు ఎత్తుకుని కూర్చుంటున్నారు. ఆడుతున్న కోడలి పాయింటుకు అత్తగారు చప్పట్లు కొట్టడాన్ని నేను చూశాను. కొన్ని ఇళ్ళలో కుక్కరు నిజంగానే మగవారు పెడుతున్నారు. కొన్ని ఇళ్ళలో ఆ గంట కోసం స్త్రీలు మధ్యాహ్నమే కూర వండి దాచి వస్తున్నారని, అంటే పని తగ్గలేదని, జరిగిందని కూడా నాకు తెలుసు. ఆ రెండవ రకం ఇళ్ళవారితో మాట్లాడడం నా పనిలో భాగమనే భావిస్తున్నాను.

మే చివర

ఎండ తీవ్రంగా ఉంది గనుక ఉదయం ఐదున్నర నుంచి ఏడు వరకు, సాయంత్రం ఆరు తరువాత మాత్రమే ఆట. కుండలో నీళ్ళు, మజ్జిగ గట్టున ఉంచుతున్నాము.

సెలవులకు వచ్చిన పిల్లల గురించి ఒక మాట రాయాలి. హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసిన ఒక అబ్బాయి మొదట కోర్టు గట్టున ఫోను చూస్తూ కూర్చునేవాడు. ఐదు నుంచి పదిహేడేళ్ళ లోపువారికి రోజుకు సగటున అరవై నిమిషాల చురుకైన శ్రమ ఉండాలని చెప్పే మార్గదర్శకాలకు, మన పిల్లలు గడుపుతున్న స్టడీ అవర్లకు మధ్య ఎంత దూరముందో ఆ పిల్లవాడి భుజాలు చూస్తేనే తెలిసింది. ఒక రోజు చీటీ అతనిని వాళ్ళ నాన్నగారికి ఎదుటి జట్టులో వేసింది. నాన్నగారు సర్వీసు చేస్తే అతను తిరిగి కొట్టలేకపోయాడు. మరునాడు అందరికన్నా ముందు వచ్చి గోడకు బంతి కొడుతూ కనిపించాడు. ఇప్పుడు ఇద్దరూ ఆట అయ్యాక కాలువ గట్టు మీదుగా నడిచి ఇంటికి వెళుతున్నారు. మార్కుల ప్రసక్తి లేకుండా తన కొడుకుతో ఇంతసేపు మాట్లాడడం ఈ రెండేళ్ళలో ఇప్పుడేనని ఆ తండ్రి మావారితో అన్నారట. రాత్రి నిద్ర కూడా పడుతోందని తల్లి చెప్పింది.

జూన్

తొలకరి పడింది. నీరు పడమటి కాలువకు పోయింది. మావారు గొడుగు వేసుకుని వెళ్ళి చూసి వచ్చారు. ఈశాన్య మూలలో మాత్రం అరచేయంత నీరు నిలిచింది, అంచు ఇటుకలు రెండు చోట్ల పక్కకు జరిగాయి. నల్లమట్టి ఉబ్బి ఇటుకను తోసిన చోట మట్టి తీసి ఇసుక నింపించాము. ఉన్ని బంతి తడిస్తే బరువెక్కి ఆకారం పోతుంది గనుక నేల ఆరేదాకా ఆట ఉండదు.

ఆట లేని ఉదయాలలో పెద్దవారికి గట్టు మీద వేరే అభ్యాసాలు మొదలుపెట్టాను. అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు తూకం నిలిపే, కండ బలం పెంచే అభ్యాసాలు చేస్తే పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. వల స్తంభం పట్టుకుని ఒంటికాలిపై నిలబడడం, గీత వెంట మడమకు వేళ్ళు ఆనించి నడవడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం: ఇంతే. మా పిన్నిగారు కిందటి ఏడాది స్నానాల గదిలో జారిన తరువాత ఒంటరిగా వీధిలోకి రావడం మానేశారు. ఇప్పుడు రెండో వీధి నుంచి కోర్టు వరకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వస్తున్నారు. ఆమె భయం తగ్గడంతో కొడుకు కోడళ్ళ భయం కూడా తగ్గింది. ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో ఒకరు కాపలా ఉండాలన్న ఒత్తిడి ఆ ఇంట్లో ఇప్పుడు లేదు.

జూలై

ఆటకు రానివారూ ఉన్నారు. రాత్రి షిఫ్టుల ఉద్యోగులకు మా వేళలు కుదరవు. కోర్టు పక్క ఇంటివారికి అరుపులు ఇబ్బందిగా ఉన్నాయి. వారింట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నారు. దీపాలు పెట్టాలన్న ప్రతిపాదన మీద వారి అభ్యంతరం న్యాయమైనదే గనుక, వెలుతురు కోర్టు దాటకుండా ఎల్‌ఈడీలను కిందికి వంచి బిగించాలని, రాత్రి ఎనిమిదిన్నరకు ఆపివేయాలని ఒప్పుకున్నాము. ఆ ఇంటి వైపు అడ్డు వల ఎత్తు పెంచే పని ఈ నెలలోనే పూర్తవుతుంది.

మిగిలిన పనులు ఇవి. వానలు తగ్గాక పైపొర మళ్ళీ జల్లించిన మట్టితో సరిచేయాలి. ఈసారి అలకడం మగవారూ నేర్చుకోవాలని స్త్రీల జట్టు పట్టుబట్టింది, నేను బలపరిచాను. ఉన్ని బంతులు మరి రెండు డజన్లు తెప్పించాలి. రాత్రి షిఫ్టులవారి కోసం ఆదివారం పదకొండు గంటలకు, చెట్టు నీడ పడే సగభాగంలో ఇద్దరిద్దరు ఆడే వీలు కల్పించాలి. ధ్యాన్‌చంద్ పుట్టినరోజయిన ఆగస్టు 29న, జాతీయ క్రీడా దినోత్సవం నాడు, కాలనీ మొత్తానికి పోటీ పెడుతున్నాము. ప్రతి జట్టులో అరవై దాటినవారొకరు, పదహారేళ్ళ లోపువారొకరు, కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. ఒకే ఇంటివారు ఒకే జట్టులో ఉండకూడదని కొందరు, ఉండవచ్చునని కొందరు అంటున్నారు. ఆ విషయం వచ్చే ఆదివారం సమావేశంలో తేలిన తరువాత చీటీలు రాస్తాను.